కుక్క నోరు కదలడం లేదు

ఆదివారం జరిగింది ఇది. ఈరోజు మంగళవారం. కింది వాటాలో ఉండే రిటైర్డ్ హెడ్మాస్టరుగారు మెట్ల దగ్గర నన్ను చూసినప్పుడల్లా ఇంకా దగ్గుతూనే ఉన్నారు. అది దగ్గు కాదని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు.

సెలవులకని మా బామ్మర్ది కుటుంబం బెంగుళూరు నుంచి తిరుపతి వచ్చింది. పిల్లలు ముగ్గురూ మూడు ఫోన్లు పట్టుకుని మూడు మూలల్లో కూర్చున్నారు. మా కాలంలో ఎలాంటి సినిమాలు వచ్చేవో చూపిస్తానని నేనే లేచాను, నన్నెవరూ అడగలేదు. 1993లో వచ్చిన ‘హోమ్‌వర్డ్ బౌండ్’ ఓటీటీలో దొరికింది. శాడో అని ఒక ముసలి గోల్డెన్ రిట్రీవరు, ఛాన్స్ అని ఒక తిక్క బుల్‌డాగు, శాసీ అని పొగరుబోతు హిమాలయన్ పిల్లి. యజమానులు కొన్నాళ్ళకని వీటిని తెలిసినవాళ్ళ దగ్గర వదిలి వెళ్తే, మనవాళ్ళు ఇక రారేమో అనుకుని, మూడూ కలిసి కొండలూ అడవులూ దాటి ఇంటికి బయల్దేరతాయి. అదే కథ. “కుక్కలు మనుషుల్లాగే మాట్లాడతాయి, నోరు ఎంత బాగా కదుల్తుందో చూడండి” అని ముందే ఊరించి పెట్టాను.

బొరుగులు కలిపారు, చెనక్కాయలు వేయించారు, హెడ్మాస్టరుగారిని కూడా పైకి పిలిచాం, సినిమా మొదలైంది. ఛాన్స్ మాట్లాడుతోంది. నోరు మాత్రం కదలడం లేదు.

మొదట నేనేం అనలేదు. కాసేపటికి శాడో కూడా మాట్లాడింది, దానిదీ మూసిన నోరు మూసినట్టే ఉంది. పిల్లి సరేసరి. మా పాప, ఎనిమిదేళ్ళది, “నాన్నా, అవి మనసులో అనుకుంటున్నాయి” అంది. “నీకు తెలీదులే, నేను చిన్నప్పుడు చూశాను” అన్నాను. ఈ ఒక్క మాట వెనక్కి తీసుకోగలిగితే మిగతాదంతా భరించేవాణ్ణి.

బామ్మర్ది సాఫ్ట్‌వేరు. రిమోట్ లాక్కుని టీవీ సెట్టింగుల్లోకి వెళ్ళాడు. అందులో మాటకీ పెదవికీ పొంతన కుదిర్చే మీట ఒకటి ఉంటుంది, మిల్లీసెకన్లలో. యాభై పెట్టాడు, నూరు పెట్టాడు, రెండొందలు పెట్టాడు. కుక్క నోరు తెరవలేదు కానీ, తెర మీదికి ఒక మనిషి వచ్చి మాట్లాడితే ముందు నోరాడింది, తర్వాత మాట వినిపించింది. అప్పుడైనా మాకు వెలగాలి కదా. వెలగలేదు. “మనుషుల ఆడియో వేరే ట్రాకు బావా, కుక్కలది వేరే ట్రాకు. కుక్కల ట్రాకు లేటుగా లోడవుతోంది, ఇది నెట్ సమస్య” అని తేల్చాడు. నెలకి లక్షల్లో జీతం మరి, నేను నమ్మాను.

కస్టమర్ కేర్‌కి నేనే ఫోన్ చేశాను. తెలుగు కోసం రెండు నొక్కాను, సమస్య కోసం మూడు నొక్కాను, మీ కాల్ మాకెంతో విలువైనదని పదకొండు నిమిషాలు సంగీతం విన్నాను. చెయ్యి నొప్పెట్టి ఫోన్ స్పీకర్లో పెట్టి టీపాయ్ మీద ఉంచాను. రెండో తప్పు.

“చెప్పండి సార్, మీ సమస్య ఏంటి?”

“సినిమాలో నోరు కదలడం లేదమ్మా.”

“ఎవరి నోరు సార్?”

“కుక్కది.”

కాసేపు ఏమీ వినిపించలేదు.

“మీ పెంపుడు కుక్కా సార్?”

“కాదమ్మా, సినిమాలో కుక్క. అది మాట్లాడుతోంది, నోరు మాత్రం మూసుకునే ఉంది.”

“కుక్క మాట్లాడుతోందా సార్?”

“మాట్లాడుతోంది. ఇంగ్లీషులో.”

“ఎంతసేపటి నుంచి సార్?”

“ఇరవై నిమిషాల నుంచి.”

“ఇంట్లో ఇంకెవరికైనా వినిపిస్తోందా సార్?”

హెడ్మాస్టరుగారు మొదటిసారి దగ్గింది ఇక్కడే. మా ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్ళింది, అక్కణ్ణుంచి స్టీలు గిన్నె కింద పడ్డ చప్పుడు వచ్చింది, ఆ తర్వాత చాలాసేపు ఆమె రాలేదు. రౌటర్ ఒకసారి ఆపి మళ్ళీ వేయమంది ఆ అమ్మాయి. రౌటర్ ఆపి వేస్తే కుక్క నోరు తెరుస్తుందా అని అప్పుడు ఒక్క క్షణం ఆలోచించి ఉంటే ఎంత బాగుండేది. ఆలోచించలేదు, సోఫా వెనక దూరి స్విచ్ ఆపాను, ముప్పై అంకెలు లెక్కపెట్టాను, వేశాను. నెట్ వచ్చింది. కుక్క మూగదే.

నా తప్పుకి కొంత కారణం మా అవ్వ. చిత్తూరు మిట్టూరులో ఉండేటప్పుడు కేబుల్ టీవీలో ఈ సినిమా వేస్తే అవ్వ పక్కన కూర్చుని చూశాను. “ఏమంటాందిరా ఆ కుక్క?” అని అడిగేది. నాకేం ఇంగ్లీషు వచ్చి చచ్చింది? “ఆకలైతాందంట అవ్వా”, “కాళ్ళు నొప్పంట అవ్వా” అని నోటికొచ్చింది చెప్పేవాణ్ణి. ఆ ఇంట్లో నోరు కదిలింది నాదొక్కడిదే. అది చాలదన్నట్టు 1995లో వచ్చిన పందిపిల్ల సినిమా ‘బేబ్’ కూడా చూశాను. అందులో కంప్యూటర్ గ్రాఫిక్సుతో, యంత్రపు బొమ్మలతో జంతువుల నోళ్ళు నిజంగానే కదిలించారు, దానికి ఆస్కార్ కూడా ఇచ్చారు. నా బుర్ర ఆ పందిపిల్ల నోరు తెచ్చి ఈ కుక్కకి అతికించింది. ఇదంతా సోమవారం పొద్దున తెలిసింది, ఆదివారం రాత్రి కాదు.

ఆదివారం రాత్రి టెక్నీషియన్ వచ్చాడు. నెట్ అసలు లేనప్పుడు మూడు రోజులు పత్తా ఉండరు, కుక్క నోరు అనేసరికి నలభై నిమిషాల్లో కొర్లగుంట నుంచి బైరాగిపట్టెడకి వచ్చేశాడు. చూద్దామని వచ్చాడనే నా అనుమానం.

“కుక్క మాట్లాడలేదని ఇచ్చుండారు సార్ కంప్లెయింటు.”

“మాట్లాడుతోందయ్యా. నోరు కదలడం లేదు.”

హెల్మెట్ తీసి చంకలో పెట్టుకుని టీవీ ముందు నిలబడ్డాడు. తల ఒక పక్కకి వంచాడు. ముందు బామ్మర్ది పెట్టిన రెండొందలు తీసి సున్నా చేశాడు. పిల్లవాడొకడు తెర మీద మాట్లాడాడు, సరిగ్గా ఉంది. కుక్క మాట్లాడింది, నోరు మూసుకుని.

“మనుషుల నోళ్ళు బాగానే కదల్తా ఉండాయి గదా సార్. కుక్క మనసులో అనుకుంటా ఉండాది.”

“అదే కదా నేను చెప్పింది!” అని మా పాప సోఫా ఎక్కి ఎగిరింది. బామ్మర్ది ఫోన్ మోగలేదు, అయినా ఎత్తుకుని బాల్కనీలోకి వెళ్ళిపోయాడు.

టెక్నీషియన్ తన ఫోన్లో కారణం ఎంచుకోవాలట. నెట్ నెమ్మది, నెట్ లేదు, కేబుల్ తెగింది, కస్టమర్‌కు అవగాహన లేదు. నా కళ్ళ ముందే నాలుగోది నొక్కాడు. మూడొందల యాభై విజిటింగ్ చార్జీ అన్నాడు. ఏం రిపేరు చేశావని అడిగితే, విజిటింగ్ అంటే వచ్చినందుకే సార్ అన్నాడు. ఇచ్చాను. డబ్బు తీసుకున్నాక వెళ్ళాలి కదా, వెళ్ళలేదు. మా ఆవిడ బొరుగుల పళ్ళెం అందించింది, హెల్మెట్ ఒళ్ళో పెట్టుకుని కుర్చీ అంచున కూర్చున్నాడు. ఏటిలో పిల్లి కొట్టుకుపోతే అయ్యో అన్నాడు. చివర్లో ముసలి శాడో గుంతలో పడి, కాలికి దెబ్బ తగిలి పైకి ఎక్కలేక కూలబడిపోయింది. అప్పుడే అతని ఫోన్ మోగింది, లీలామహల్ సర్కిల్ దగ్గర ఇంకో కంప్లెయింటు.

గుమ్మం దాకా వెళ్ళి, చెప్పు ఒకటి వేసుకుని వెనక్కి తిరిగాడు. “సార్, ముసిల్ది ఇంటికొస్తాదా, రాదా? అదొక్కటి చెప్పండి సార్, పోతా.”

నేను చెప్పలేదు.