వార్షికోత్సవం దాటని బుర్రకథ

బడిలో స్థానిక సంస్కృతి అంటే ఇప్పటికీ వార్షికోత్సవమే. అద్దెకు తెచ్చిన దుస్తులు, రికార్డు పాట, ముందు వరుసలో బాగా ఆడే నలుగురు. కళ తాలూకు వేషం బడికి వస్తోంది గానీ, దాన్ని నడిపించే కట్టుబాటు రావడం లేదు. పిల్లలకు కలిసి మెలగడం నేర్పేది ఆ కట్టుబాటే.

బుర్రకథలో నడుమ కథకుడు, అటూ ఇటూ వంతలు, అంటే అతని మాట అందుకుని వంత పాడేవాళ్లు. ఒకరిది హాస్యం, ఇంకొకరిది రాజకీయం. కథకుడి మాట సరిగా వినకపోతే వంత నోరు మెదపలేడు. దీన్ని 45 నిమిషాల పీరియడ్‌లోకి తేవచ్చు. పిల్లల్ని ముగ్గురేసి జట్లు చేయాలి. విషయం బడిలోదే కావాలి, భోజనాల వరుసలో తోపులాట లాంటిది. 6 నిమిషాలకోసారి పాత్రలు మారాలి; మూడు విడతలకు 18 నిమిషాలు. నియమం ఒక్కటే: వంత కథకుడి ఆఖరి మాట అందుకునే ప్రశ్న వేయాలి. పాట రాకపోయినా ఫర్వాలేదు. మిగిలిన సమయమంతా మాట ఎక్కడ తెగిందో, ఎందుకు తెగిందో చర్చించడానికే.

టీచరు సంభాషణలు రాసిచ్చారంటే పని చెడినట్టే. వంతకు వినాల్సిన అవసరం ఉండదు, తన ముక్క అప్పజెప్పి ఊరుకుంటాడు. పాత్రలు మార్చకపోతే గొంతున్నవాడే ఎప్పుడూ కథకుడు. ఇక హాస్యం తోటివారి రంగు మీదికో, యాస మీదికో, కులం మీదికో మళ్లడానికి క్షణం చాలు. పరిస్థితి మీదే తప్ప మనిషి మీద జోకు వేయకూడదని ముందే చెప్పాలి.

జట్లు విడదీయడానికి కెప్టెన్లు ఎంచుకునే పద్ధతి వద్దు. చివరిదాకా మిగిలిపోయే పిల్లాడు ఎప్పుడూ ఒకడే అవుతాడు. పంటలు వేయిస్తే ఆ బాధ లేదు. చేయి బోర్లా పడిందా, వెల్లకిలా పడిందా అన్నదే లెక్క. వామనగుంటలు కూడా పనికొస్తాయి: ఇద్దరి ఆటను నలుగురికిచ్చి, ఏ గుంట తీయాలో జతలో ఇద్దరూ ఒప్పుకున్నాకే పిక్కలు కదపాలనండి.

అయితే పాతదంతా మంచిదేమీ కాదు. ఆడవాళ్లనూ కులవృత్తులనూ కించపరిచే సామెతలు మనకు బోలెడు. వాటిని గోడల మీద రాయించడం కన్నా, 9వ తరగతిలో చర్చకు పెట్టడం మేలు: ఇది ఎవరు ఎవర్ని అన్న మాట?

6 నుంచి 8 తరగతుల మధ్య 10 రోజులు పుస్తకాల సంచి లేకుండా గడపాలని జాతీయ విద్యా విధానం 2020 చెబుతోంది. కళాకారుణ్ని పిలవడానికి అదే అదను. ప్రదర్శన ఒక పూట చాలు, మిగతా పూటల్లో పిల్లల చేత చేయించాలి. ఆయనకు పారితోషికం ఇవ్వాలి, శాలువాతో సరిపెట్టకూడదు.

మార్కులొద్దు. వారానికి 5గురిని గమనించి, తన వంతు కోసం ఆగారా, ఎదుటివారి మాట అందుకున్నారా, పేచీని టీచరు దాకా తేకుండా తీర్చుకున్నారా అని రాసుకుంటే, 40 మంది తరగతి 8 వారాల్లో పూర్తవుతుంది.