శిరోభారం తగ్గించే శాస్త్రం

రోడ్డు సైక్లింగ్‌లో మనిషి అంతస్తును అతని హెల్మెట్‌లో లేని పదార్థాన్ని బట్టి నిర్ణయిస్తారు. సాదా హెల్మెట్ 300 గ్రాములు తూగితే, అందులోంచి 80 గ్రాములు తీసేసిన తయారీదారు రెండింతల ధర అడుగుతాడు. మనం ఆ సొమ్ము చెల్లించి, తీసేసినందుకు కృతజ్ఞతలు కూడా చెప్పుకుంటాం. లేని సరుకుకు ఇంత గిరాకీ ఉన్న వ్యాపారం ఇంకొకటి ఉంటే పాఠకులు దయచేసి తెలియజేయాలి.

ఈ 80 గ్రాముల మహిమ తెలియనివారు, సీసాలో నాలుగు గుక్కల నీళ్లు తగ్గించుకుంటే సరిపోదా అంటారు. పాపం, అమాయకులు. సీసాను సైకిలు మోస్తుంది, హెల్మెట్‌ను మెడ మోస్తుంది. వంగి గంటల తరబడి తొక్కేవారి మెడకు ఆ తేడా నిజంగానే తెలుస్తుంది (ఈ ఒక్క వాక్యాన్ని వ్యంగ్యంగా చదవవద్దని మనవి). ఆ మెడకు కాస్త దిగువన ఉన్న పొట్ట ఎన్ని కిలోలన్నది మాత్రం ఈ శాస్త్రం పరిధిలోకి రాదు.

ఇక గాలి. ఎన్ని రంధ్రాలుంటే అంత చల్లదనమని లోకం నమ్మకం. దుకాణంలో వేలు పెట్టి రంధ్రాలు లెక్కించేవారి ఏకాగ్రత చూడముచ్చటగా ఉంటుంది. గాలికి ఈ లెక్కలు పట్టవు. ముందునుంచి దూరిన గాలి లోపలి కాలువల గుండా నెత్తిని తడుముకుంటూ వెనకనుంచి బయటపడాలి. ఆ కాలువలు లేకపోతే పాతిక రంధ్రాలున్నా అలంకారమే. హెల్మెట్‌ను తిరగేసి చూస్తే ఈ సంగతి ఇట్టే తెలిసిపోతుంది. బహుశా అందుకే ఎవరూ తిరగేయరు. పైగా గాలి ఆడాలంటే వేగం ఉండాలి. గంటకు 10 కిలోమీటర్ల చొప్పున ఎత్తు ఎక్కుతూ చెమటలో మునిగినప్పుడు అది పత్తా ఉండదు. దిగేటప్పుడు, చెమట ఆరి వణుకు పుట్టే వేళకు, హోరుమంటూ హాజరవుతుంది.

అదే దుకాణంలో పక్క అరలో గాలిని సులువుగా చీల్చుకుపోయేందుకు రంధ్రాలు పూడ్చిన ఏరో హెల్మెట్లు ఉంటాయి. పూడ్చినందుకు మళ్లీ అదనం.

ఉక్కపోత గురించి ఈ బెంగ కొత్తది కాదు. 1991లో అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య హెల్మెట్‌ను తప్పనిసరి చేయబోతే వృత్తి రేసర్లు ఎదురు తిరిగారు, నిబంధన వెనక్కి వెళ్లింది. 2003 మార్చిలో పారిస్–నీస్ రేసులో పడి ఆంద్రే కివిలెవ్ అనే రేసర్ చనిపోయాకే అది తిరిగి వచ్చింది. అప్పుడు కూడా ఒక వెసులుబాటు ఇచ్చారు: రేసు చివర ఎక్కాల్సిన కొండదారి 5 కిలోమీటర్లకు తగ్గనిదైతే అప్పట్లో అక్కడ హెల్మెట్ తీసేసేందుకు వీలుండేది. చెమటకు చట్టంలో ఇంత గౌరవం మరెక్కడా దక్కలేదు.

ప్రాణరక్షణ అనే చిన్న విషయం కూడా ఉంది కనుక ప్రస్తావిస్తాను. ఎంత ఖరీదైన హెల్మెట్‌లోనైనా లోపల ఉన్నది సాధారణంగా టీవీ పెట్టెలో వచ్చే థర్మోకోల్‌కు దగ్గరి బంధువే. రంధ్రాలు పెంచిన కొద్దీ మిగిలిన ఆ కాస్త నురుగును మరింత గట్టిగా చేయాలి. ఐరోపా ప్రమాణం ఈఎన్ 1078 ప్రకారం, హెల్మెట్ తొడిగిన కృత్రిమ తలను సెకనుకు 5.42 మీటర్ల వేగంతో చదునైన దిమ్మె మీద పడేస్తారు. తలకు తగిలే కుదుపు 250 జీ (అంటే భూమ్యాకర్షణకు 250 రెట్లు) దాటకూడదు. హెల్మెట్ ధర ఎంతని దిమ్మె అడగదు. ఇంత సంస్కారం లేని పరీక్షను సంపన్నులు ఎలా సహిస్తున్నారో అర్థం కాదు.

కొనుగోలులో ఎవరూ సంప్రదించని అవయవం తల. కనుబొమలకు కాస్త పైన టేపు చుట్టి కొలత తీసుకోవడం నిమిషం పని. కానీ సైకిలు రంగుకు హెల్మెట్ రంగు కుదిర్చేందుకు వారం పడుతుంది కాబట్టి ఆ నిమిషం మిగలదు. ఫలితంగా గుండ్రటి తల కోలటి హెల్మెట్‌లో నలుగుతుంది. నొప్పి భరించలేక దాన్ని వెనక్కి నెడతారు, నుదురు బయటపడుతుంది. రెండు వేళ్లు మాత్రమే పట్టాల్సిన గడ్డం పట్టీలో పిడికిలి పడుతుంది. గాలి మాత్రం బ్రహ్మాండంగా ఆడుతుంది.

ఒక్కోసారి పడతారు కూడా. ఆ నురుగు ఒక దెబ్బకే పనికొస్తుంది. నలిగి దెబ్బను మింగుతుంది, మళ్లీ పొంగదు. పైపెంకు చెక్కుచెదరనట్టే కనిపించినా, ఆ హెల్మెట్ మార్చాల్సిందే. అయితే నిజమైన ఉపాసకుడు అంత తొందరపడడు. ఇంటికి రాగానే దాన్ని త్రాసు మీద పెడతాడు. ఒక్క గ్రాము కూడా పెరగలేదని చూసుకుని, మర్నాడు ఉదయం మళ్లీ అదే పెట్టుకుని బయలుదేరతాడు.