సవరణ: పెళ్లి ఫొటోల హక్కు ఎవరిది?

తిరుపతి ఫొటోగ్రాఫర్ల సంఘంలో చేరమని మొన్న రాస్తూ, "సభ్యత్వ కార్డుంటే మనం తీసిన పెళ్లి ఫొటోల కాపీరైట్ మనదే" అన్నాను. అది తప్పు. కార్డుకూ కాపీరైట్‌కూ సంబంధమే లేదు. చట్టం తెలిసిన సీనియర్ ఒకాయన చెప్పాక 1957 కాపీరైట్ చట్టం తీసి చూశాను. 17వ సెక్షన్ ప్రకారం, డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకి, వేరే ఒప్పందం లేకపోతే, తీయించుకున్నవాళ్లే తొలి హక్కుదారులు. తీసింది ఫలానా అని చెప్పుకునే హక్కు మాత్రం 57వ సెక్షన్ కింద మనకుంటుంది.

కాబట్టి అన్నా, తిరుచానూరు మండపంలో తీసిన తలంబ్రాల ఫొటో స్టూడియో అద్దంలో పెట్టాలన్నా, ఇన్‌స్టాలో వేయాలన్నా, అడ్వాన్స్ పుచ్చుకునేటప్పుడే బిల్లు మీద 'ఈ ఫొటోలు స్టూడియో వాడుకోవచ్చు' అని రాసి పెళ్లివారి సంతకం తీసుకోండి. మన బిల్లు బుక్కుల్లో 'అడ్వాన్స్ వాపసు ఇవ్వబడదు' తప్ప ఇంకో ముక్క ఉండదు కదా!