కంప్యూటరు తీసిన డ్రా అండీ, మనిషి చెయ్యే లేదు!

గుంటూరు బ్రాడీపేటలో ఓ బట్టల కొట్టువాళ్ల సంక్రాంతి లక్కీ డ్రా చూశాక నాకు జ్ఞానోదయమైంది. బిందెలో చీటీలు కలిపి, పసివాడి కళ్లకు గంతలు కట్టి తీయించడం ఎంత అనాగరికం! వాడు ఏ చీటీ తీస్తాడో ఓనరుకి కూడా తెలియదు. అలాగైతే వ్యాపారం ఎలా సాగుతుంది?

అందుకే పైథాన్, అదే, కంప్యూటరు ప్రోగ్రాములు రాసే భాష. ఓనరుగారి బావమరిది ల్యాప్‌టాప్‌తో స్టేజీ ఎక్కాడు. మూడో బహుమతి మిక్సీ, ఒక కూపన్‌కి వచ్చింది. రెండో బహుమతి గ్రైండర్, మళ్లీ అదే కూపన్‌కి. జనం గోల పెడితే, "రాండమ్ అంటే అంతేనండీ" అన్నాడు బావమరిది, వేదం చెప్పినట్టు. కాదు నాయనా. నువ్వు వాడిన ఛాయిసెస్ అనే ఆజ్ఞ, తీసిన చీటీని మళ్లీ బిందెలో వేసేస్తుంది. శాంపిల్ అని రాసుంటే తీసింది పక్కన పెట్టేది. మార్చాల్సింది ఆ ఒక్క మాట.

ఇక మొదటి బహుమతి ఫ్రిజ్. బటన్ ఇంకా నొక్కనే లేదు. స్టేజీ పక్కన ట్రాలీ ఆటో ఆగి ఉంది. డ్రైవరు తాడు విప్పి, కింద గోనెసంచులు కూడా పరిచాడు. ఆ ఆటో మాట్లాడుకొచ్చిన పెద్దమనిషి ఇస్త్రీ చొక్కాలో నిలబడి, ఫొటోగ్రాఫరుకి "ఎడంవైపు నుంచి తియ్యి" అని చెబుతున్నాడు. యాంకరమ్మ చేతిలో శాలువా. అప్పుడు నొక్కారు బటన్. ఆశ్చర్యం! ఆయన కూపనే!

రాండమ్ నంబర్లు పుట్టించడానికి పైథాన్ వాడే మెర్సెన్ ట్విస్టర్ అనే పద్ధతిని 1997లో ఇద్దరు జపాన్ పండితులు తయారుచేశారు. 2 టు ది పవర్ 19937లో ఒకటి తక్కువ, అన్ని సంఖ్యలు అయితేగానీ ఆ వరస మళ్లీ మొదటికి రాదు. మనవాడు పైన "సీడ్ 42" అని, అంటే ఆ వరస ఎక్కణ్ణుంచి మొదలవ్వాలో చెప్పే ఒక్క లైను కొట్టి, మధ్యాహ్నం రిహార్సల్లో వచ్చిన నంబర్లే సాయంత్రమూ వచ్చేలా చేశాడు. జపాన్‌వాళ్లకి తట్టలేదు చూడండి.

నవ్వుకుని వచ్చేసేవాణ్ణే. కానీ నా పక్కన మిర్చి తొడిమలు తీసే ఆవిడ ఉంది. కారానికి వేళ్లు ఎర్రగా వాచాయి. ఆ వేళ్ల మధ్య కూపన్లు. వాటికోసం అక్కర్లేని చీర కూడా కొన్నది. ఆవిడ నంబరు ఆ లిస్టులో ఎక్కించారో లేదో కూడా ఎవరూ చూపించలేదు. సిగ్గు లేదయ్యా మీకు? దొంగతనం చేసి కంప్యూటరు మీదకు తోస్తారా? ఆ లిస్టు, ఆ కోడు తెర మీద వెయ్యండి, సీడ్ నంబరు జనంలోంచి అడిగి తీసుకోండి, చూద్దాం!

అడిగాను కూడా. "అది టెక్నికల్ అండీ, మీకు అర్థం కాదు" అన్నాడు బావమరిది.

ఉగాదికి స్కూటీ పెడుతున్నారట. గెలవబోయే ఆయన ఈపాటికి హెల్మెట్ కొనేసే ఉంటాడు.