108 మీరే సార్

మా ఆఫీసులో ఫ్లోరుకొక సేఫ్టీ మార్షల్ ఉండాలట. మా ఫ్లోరుకి నా పేరు రాసేశారు, ఆ మీటింగుకి నేను వెళ్లలేదు కాబట్టి. వచ్చే శుక్రవారం ఆడిట్, ఈలోగా ‘ఏదో ఒక సీపీఆర్ సర్టిఫికెట్’ తెచ్చుకోమని హెచ్చార్ మేడమ్ మెయిల్. సీపీఆర్ అంటే గుండె ఆగినవాళ్ల ఛాతీ నొక్కి బతికించే ప్రయత్నమన్నమాట. ఆ ‘ఏదో ఒక’ అన్న రెండు ముక్కలే నా కొంప ముంచాయి.

నెట్‌లో వెతికితే మూడు తేలాయి. మొదటిది 499 రూపాయలది. 20 నిమిషాల వీడియో చూస్తే చాలు, జీవితాంతం చెల్లే సర్టిఫికెట్ మెయిల్‌కి వచ్చేస్తుందట. బొమ్మ మీద చెయ్యి కూడా వెయ్యకుండా ఇచ్చే సర్టిఫికెట్ ఎందుకని వదిలేశాను. అక్కడి దాకా నా బుర్ర బాగానే పనిచేసింది. మిగిలినవి బీఎల్‌ఎస్ 3,500, ఏసీఎల్‌ఎస్ 9,000. రెండూ అమెరికన్ హార్ట్ అసోసియేషన్ కార్డులే, రెండూ రెండేళ్లు చెల్లేవే. బీ అంటే బేసిక్, ఏ అంటే అడ్వాన్స్‌డ్, చివరి ఎల్‌ఎస్ అంటే లైఫ్ సపోర్ట్. బిల్లు కంపెనీ కడుతున్నప్పుడు ప్లెయిన్ దోశ ఎవరు తింటారండీ? మసాలా దోశకే ఓటేశాను.

నిజానికి అనుమానం వచ్చి, నాకు ఏది సరిపోతుందని ఆ కోర్సులు నేర్పే సెంటర్ కోఆర్డినేటర్‌ని వాట్సాప్‌లో అడిగాను. ‘పేమెంట్ స్క్రీన్‌షాట్ పెట్టండి సార్’ అని జవాబు. మీరేం పని చేస్తారు అని ఒక్క మాట అడిగి ఉంటే ఈ కథే లేదు. చెప్పుల షాపువాడు కూడా కాలు సైజు అడిగాకే డబ్బా తీస్తాడు.

శనివారం పొద్దున్నే వెళ్లాను. పన్నెండు మందిమి. పక్కనున్న కుర్రాడు, “ఏ డిపార్ట్‌మెంట్ సార్?” అన్నాడు. “అడ్మిన్” అన్నాను. “ఓ, మెడికల్ అడ్మినా!” అని కుర్చీ జరిపి మర్యాదగా చోటిచ్చాడు. నేను ఔననలేదు, కాదనలేదు. చేతికొచ్చిన ప్రశ్నపత్రం నిండా ఈసీజీ గీతలు. మా అపార్ట్‌మెంట్ వోల్టేజి కూడా అంత అన్యాయంగా ఊగదు. అప్పుడైనా లేచి వచ్చేయాల్సింది. టీ, సమోసా ఉన్నాయని బోర్డు మీద రాశారు.

టీ అయ్యాక ప్రాక్టీసు. బల్ల మీద నడుం దాకా ఉన్న బొమ్మ, సగం తెరిచిన నోరు, స్పిరిట్ వాసన. ఒకమ్మాయి ఛాతీ మీద నొక్కుతోంది, సరైన లోతుకి దిగినప్పుడల్లా టిక్కు టిక్కుమంటోంది. ఒకరు గాలి బ్యాగు పట్టుకున్నారు, ఒకరు షాక్ మెషీన్ దగ్గర, ఒకరు మందుల దగ్గర, ఇంకొకరు టైము రాసుకుంటూ. అందరిలోకీ నెరిసిన జుట్టు నాదే కాబట్టి పెద్దాయన ఇన్‌స్ట్రక్టర్ నావైపు వేలు చూపించి, “మీరు టీమ్ లీడర్ సార్” అన్నారు.

“పేషెంటుకి 55 ఏళ్లు. పల్స్ లేదు. మానిటర్ మీద ఇదీ పరిస్థితి. చెప్పండి లీడర్ గారూ, ఏం చేద్దాం?”

పెళ్లిలో పంతులుగారు “మంగళసూత్రాలు ఏవండీ?” అనగానే మండపమంతా ఒకేసారి పెళ్లికొడుకు తండ్రి వైపు తిరుగుతుంది చూశారూ, అలా తిరిగాయి అయిదు తలలు.

సినిమాల్లో ఇలాంటప్పుడు “షాక్ ఇవ్వండి!” అని అరుస్తారు. ఆ ఒక్క మాట అనేసి ఉంటే నేను పాసయ్యేవాణ్ని. మానిటర్ మీద ఉన్నది వీఎఫ్, అంటే గుండె కొట్టుకోకుండా ఊరికే వణుకుతోందన్నమాట, దానికి మందే షాక్. గీత అడ్డంగా పడుకున్నప్పుడు షాక్ ఇస్తే లాభం లేదట, మన హీరోలు ఇన్నేళ్లుగా సరిగ్గా అప్పుడే ఇస్తున్నారు. ఇదంతా తర్వాత తెలిసింది. ఆ క్షణానికి మాత్రం నేను బాధ్యత గల పౌరుడిలా గొంతు సవరించుకుని అన్నాను:

“వెంటనే 108కి ఫోన్ చేస్తాను.”

టిక్కు టిక్కు ఆగింది. పెద్దాయన కళ్లజోడు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నారు.

“సార్, మనం ఉన్నది ఐసీయూలో. 108 వాళ్లు తెచ్చి దించింది మీ దగ్గరికే. ఇప్పుడు 108 మీరే సార్.”

ఇక్కడ నోరు మూసుకుంటే పోయేది. పద్దెనిమిదేళ్ల అడ్మిన్ ఉద్యోగం ఊరుకోనిస్తుందా? “అయితే ముందు వాళ్లవాళ్లతో సంతకం పెట్టించుకుందాం” అన్నాను.

గాలి బ్యాగు కుర్రాడు బ్యాగులో మొహం దాచుకున్నాడు. నొక్కాల్సినమ్మాయి భుజాలు నవ్వుతో ఊగిపోతున్నాయి. “ఆపకండమ్మా! పది సెకన్లు మించి ఆపకూడదు!” అని పెద్దాయన కేక. నా దెబ్బకి ఆ బొమ్మ రెండోసారి పోయింది.

ఏసీఎల్‌ఎస్ డాక్టర్లకీ నర్సులకీ అట. తర్వాత నన్ను పక్క గదిలో జరుగుతున్న బీఎల్‌ఎస్‌కి మార్చారు. ముప్ఫైసార్లు నొక్కి రెండు ఊపిరులు, అయిదు సెంటీమీటర్ల లోతు, నిమిషానికి 100 నుంచి 120. చొక్కా పిండుకునేంత తడిసింది, కార్డు వచ్చింది. వెళ్తుంటే ఆ గాలి బ్యాగు కుర్రాడే, “మీలాంటివాళ్ల కోసం ఇండియన్ రిససిటేషన్ కౌన్సిల్ వాళ్ల కోల్స్ అనే కోర్సు ఉంది సార్, ఊపిరులూ గీపిరులూ లేకుండా నొక్కడమొక్కటే నేర్పుతారు” అన్నాడు. బాబూ, పొద్దున కుర్చీ జరిపినప్పుడు చెప్పొద్దూ?

హెచ్చార్ మేడమ్ 3,500కే బిల్లు పాస్ చేస్తారట, మిగతాది ‘పాలసీలో లేదు’. ఆ 5,500 వెనక్కివ్వమని కోఆర్డినేటర్‌ని అడిగాను. ఈసారి జవాబు ఠక్కున వచ్చింది: ‘రిఫండ్ లేదు సార్. మీ ఏసీఎల్‌ఎస్ సీటు ఆర్నెల్లు హోల్డ్‌లో పెడతాం. ఈలోగా ఎలిజిబిలిటీ తెచ్చుకుని రండి.’

ఆర్నెల్లలో ఎంబీబీఎస్ ఎక్కడ చెబుతారో తెలిసినవాళ్లుంటే చెప్పండి. ఫీజు 5,500 లోపు ఉండాలి.