బురుజు మీద కొత్త కాపలా

కర్నూలు కొండారెడ్డి బురుజు ఎక్కి ఊరిని ఫొటోలు తీసేవాళ్ళ మీద పెద్దమనుషులు ఈమధ్య తెగ నోరు పారేసుకుంటున్నారు. పనీపాటా లేని పిల్లకాయలట, రీల్స్ పిచ్చి ముదిరిందట. ఈ మాటలను నేను ఖండిస్తున్నాను. అచ్యుత దేవరాయల కాలంలో ఇక్కడ కోట లేచినప్పుడు బురుజు మీద నిలబడ్డ కాపలావాడి పని మాత్రం ఏమిటి? ఎండలో నిలబడటం, కళ్ళు చికిలించి నాలుగు దిక్కులా చూడటం, చూసింది కిందివాళ్ళకు చేరవేయడం. రాయలు పోయారు, నవాబులొచ్చి 1839లో వాళ్ళూ పోయారు, కోటగోడలు చాలామటుకు పోయాయి. అన్నేళ్ళుగా ఖాళీగా ఉన్న ఆ ఉద్యోగాన్ని జీతం భత్యం లేకుండా, సొంత డేటా ఖర్చు పెట్టుకుని మరీ చేస్తున్నారు మన కుర్రాళ్ళు. ఇంకే శాఖలోనైనా ఇంత శ్రద్ధ చూశామా?

కాకపోతే డ్యూటీలో ఒక లోపముంది. పాత కాపలావాడు ఊరికి వీపు పెట్టి ఊరిబయటకు చూసేవాడు. కొత్తవాడు ఊరికీ వీపే, ఊరిబయటకూ వీపే. వాడు చూసేది చేతిలో ఉన్న ఫోనులోని తన మొహాన్ని. శత్రువు వచ్చి భుజం తట్టినా, "అన్నా, రోంత పక్కకు జరుగు, ఫ్రేములోకి వస్తాండావు" అంటాడు.

మొన్న పైన పెళ్ళికి ముందు తీసే షూటింగొకటి జరుగుతుంటే చూశాను. పెళ్ళికొడుకు సూటులో ఉడికిపోతున్నాడు. పెళ్ళికూతురు గౌను అంచు పట్టుకోవడానికి ఒక చిన్నమ్మ, జుట్టు ఎగరాలి కాబట్టి అట్టముక్కతో విసరడానికి ఒక తమ్ముడు. ఫొటోగ్రాఫరు మోకాలి మీద కూర్చుని, "అన్నా, దూరంగా చూడు, ఏదో ఆలోచిస్తాన్నట్టు" అన్నాడు.

"యాడ చూడాలప్పా?"

"యాడైనా చూడన్నా. అదిగో, ఆ నల్లట్యాంకు దిక్కు చూడు."

పెళ్ళికొడుకు ట్యాంకు దిక్కు ఎంత ఆర్తిగా చూశాడంటే, ఈ వేసవిలో అందులో నీళ్ళున్నాయో లేవో కనుక్కుంటున్నాడనే అనుకున్నాను. తర్వాత ఫొటో చూపించారు. అందులో ట్యాంకు లేదు. మిద్దె మీద ఆరేసిన లుంగీలు లేవు, కేబులు తీగల చిక్కుముడి లేదు. ఇద్దరు మనుషులు, బోలెడంత ఆకాశం. అది ఉదయపూరు అన్నా నమ్ముతారు, ఉక్రెయిన్ అన్నా నమ్ముతారు.

నా అభ్యంతరమంతా ఇక్కడే. శత్రువు కనిపించిన మేరకు చూపు కత్తిరించి, "అంతా ప్రశాంతంగా ఉంది దొరా" అని కబురు పంపిన కాపలావాడిని రాయలవారు ఏం చేసుండేవారో మీరే ఊహించుకోండి.

అసలు పైనుంచి కనబడేది తక్కువేం కాదు. ఫ్లెక్సీల సంగతే తీసుకోండి. కింద రోడ్డు మీద నడిచేవాడికి నాయకుడి నవ్వు, నమస్కారం, జన్మదిన శుభాకాంక్షలు, కింద వరసగా పాస్‌పోర్టు సైజులో అనుచరగణం. బురుజు మీదివాడికి వాటి వెనకవైపు కనబడుతుంది. సర్వి కట్టెలు, మేకులు, గాలికి చిరిగిన తెల్లగుడ్డ. ఏ పార్టీదో చెప్పడం బ్రహ్మతరం కూడా కాదు. ఇంత నిష్పాక్షికమైన రాజకీయ విశ్లేషణ జిల్లాలో ఇంకెక్కడా దొరకదు, ఒక్కడూ దాన్ని ఫొటో తీయడు.

చట్టం కూడా ఈ దృశ్యం వైపే ఉంది పాపం. కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడానికి 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణం నిషిద్ధం, ఆపై మరో 200 మీటర్ల దాకా అనుమతి కావాలి. పైకెక్కినవాళ్ళు వెంట టేపు తెచ్చుకోకుండా ఉంటే అందరి మనశ్శాంతికీ మంచిది. ఇక రాతి మీద బాణం గుచ్చిన గుండె చెక్కే ప్రేమికులకు అదే చట్టం కింద రెండేళ్ళ జైలు దాకా, లక్ష రూపాయల జరిమానా దాకా పడొచ్చు. పెళ్ళిఖర్చుతో పోలిస్తే అదే నయమని కొందరు లెక్క వేసుకున్నట్టున్నారు.

ఇరవయ్యేళ్ళ కిందట ఒక సినిమాలో హీరో ఈ బురుజు ముందర విలన్‌ను కొట్టినప్పటినుంచి, వచ్చినవాడల్లా ఆ చోటెక్కడ అని అడుగుతాడు. కొండారెడ్డి ఎవరని అడిగినవాడు నాకింతవరకు తగల్లేదు. నవాబు పట్టి తెచ్చి ఇందులో బంధించిన అలంపురం పాలకుడాయన. లోపలే పోయాడని కొందరంటారు, సొరంగంలో దూరి తుంగభద్ర అడుగునుంచి అవతలికి చేరాడని కొందరంటారు. రెండోదే నిజమైతే, పైన ఇంత మంచి వ్యూ పెట్టుకుని కిందనుంచి పోయిన టూరిస్టు ఆయనొక్కడే.

కాపలా లేక మనం పోగొట్టుకున్నదీ తక్కువేం కాదు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయ్యాం, ఆఫీసులు గుడారాల్లో నడిపాం. 1956లో ఆ రాజధాని మూటాముల్లె సర్దుకుని తుంగభద్ర దాటి హైదరాబాదు దారి పట్టింది. పైనొక కుర్రాడు ఫోనుతో ఉండుంటే కనీసం పోతున్న వీపుకు ఒక రీలు మిగిలేది. 2009 అక్టోబరులో అదే తుంగభద్ర, హంద్రీ నదిని వెంటేసుకుని ఊళ్ళోకే వచ్చేసింది. ఇప్పుడు ఫ్రేముకు అడ్డమని మనం కత్తిరించి పారేస్తున్న ఈ మిద్దెలే ఆ రోజు జనాన్ని మోశాయి. అందుకే నల్లట్యాంకును ఫొటోలోంచి తీసేసేవాడిని చూస్తే నాకు, నవ్వొచ్చే చోట కూడా, కాస్త కోపమొస్తుంది.

కాబట్టి ప్రభుత్వానికి నా సూచన ఒకటే. బురుజు మీద ఫొటోగ్రాఫర్లను కాపలాదార్లుగా క్రమబద్ధం చేయాలి. రోజూ పొద్దున ఉగ్గాని, బజ్జీ ఇప్పించి పైకి ఎక్కించాలి. ట్రైపాడుకు ఎటూ అనుమతి కావాలి కాబట్టి అదీ వీళ్ళకు ఇచ్చేయాలి. కత్తిరింపులు, రంగులు లేకుండా తీసింది తీసినట్టు నివేదిక పంపాలి: రెండు నదులున్న ఊళ్ళో నీళ్ళ ట్యాంకరు వెనక బిందెల వరస ఇంత పొడుగుంది, హంద్రీలో పచ్చగా కనబడేది పైరు కాదు, ఫలానా వీధిలో ఫ్లెక్సీ కట్టె ఒరిగి తీగల మీద వాలింది, ఇలా.

ఆ నివేదిక ఆఫీసుకు చేరాక పైనుంచి జవాబు ఏమని వస్తుందో కూడా నాకు తెలుసు. "క్లారిటీ బాగుంది. ఏదైనా ఫిల్టరు పెట్టి మళ్ళీ పంపండి."