నీళ్లు ఎప్పుడు పోయాలన్నదే అసలు సంగతి

ట్రాక్టర్ బ్యాటరీ చార్జింగ్ మీద వచ్చిన వ్యాసంలో, చార్జింగ్‌కు ముందే బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ గుర్తు దాకా నింపమని రాశారు. అది సరికాదండీ. చార్జ్ అయ్యేకొద్దీ లోపలి ద్రవం వేడెక్కి, బుడగలు లేచి, మట్టం పెరుగుతుంది. ముందే నింపితే యాసిడ్ మూతల్లోంచి పొంగి టెర్మినళ్లనూ ట్రేనూ తినేస్తుంది. లోపలి సీసం ప్లేట్లు తేలి కనిపిస్తుంటే అవి మునిగేంత వరకే పోయండి, మిగతాది చార్జింగ్ అయ్యి చల్లారాక. యాసిడ్ మాత్రం కలపొద్దు, తగ్గేది నీళ్లే.

ట్రాక్టర్‌కు 80 ఆంపియర్ అవర్ బ్యాటరీ అనుకుంటే చార్జింగ్ కరెంటు 8 ఆంపియర్లు చాలు. షాపుల్లో తొందర కోసం 20 పెడతారు, ప్లేట్లు వంగేది అందుకే. 12 వోల్టుల బ్యాటరీకి చార్జింగ్ వోల్టేజీ 14.4 దాటనివ్వకండి, మన ఎండాకాలంలో ఇంకాస్త తక్కువే మేలు. బ్యాటరీ ఒళ్లు చెయ్యి పెట్టలేనంత కాలుతుంటే ఆపేయాల్సిందే.

క్లిప్పులు తగిలించాకే చార్జర్ స్విచ్ వేయాలి, తీసేముందు స్విచ్ ఆపాలి. చార్జింగ్‌లో బ్యాటరీ నుంచి వచ్చేది హైడ్రోజన్, గాలిలో 4 శాతం చేరినా చిన్న నిప్పురవ్వకే పేలుతుంది. మూతల గాలి రంధ్రాలు మట్టితో పూడిపోయాయేమో కూడా చూడండి, దీన్ని ఎవరూ పట్టించుకోరు.

నిండిందో లేదో వోల్ట్‌మీటర్‌తో కాదు, యాసిడ్ సాంద్రత కొలిచే హైడ్రోమీటర్‌తో తేల్చుకోండి. గంటకోసారి చూస్తే వరుసగా మూడుసార్లు గ్రావిటీ, అంటే ఆ సాంద్రత, కదలకపోతే నిండినట్టే. అయిదు సెల్స్ (బ్యాటరీలోని విడి గదులు) 1.250 దగ్గరుండి ఒక్కటే 1.180 దగ్గర ఆగిపోయిందా, ఆ సెల్ పోయింది. ఇంకెంతసేపు పెట్టినా కరెంటు దండగ.